పెర్లైటు: అగ్నిలో పుట్టి చలిని కాపాడే గాజు

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైలుతో పుట్టి, రైలుతోనే పెరిగిన పట్టణం. పందొమ్మిదో శతాబ్ది చివరి సంవత్సరాలలో బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఇక్కడ జంక్షను నిర్మించింది. దాని వెంట ఇంజన్లనూ, పెట్టెలనూ మరమ్మతు చేసే పెద్ద కర్మాగారం వెలసింది. ఆ కర్మాగారంలో పనికోసం దేశం నాలుగు చెరగుల నుంచీ జనం తరలివచ్చారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలు వారిలో ఎన్నదగిన సంఖ్యలో ఉన్నాయి. తరాలు మారినా వారు తమ భాషను విడువలేదు. తెలుగును రాష్ట్ర అధికార భాషల్లో ఒకటిగా గుర్తించాలని 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం నిర్ణయించినప్పుడు, ఆ నిర్ణయానికి ఆధారం ఖరగ్‌పూర్‌లోని తెలుగువారే.

ఈ పట్టణానికి మరొక ముఖం ఉంది. బ్రిటిష్ పాలనలో స్వాతంత్ర్య యోధులను నిర్బంధించిన హిజ్లీ శిబిరపు భవనంలో 1951లో దేశపు మొట్టమొదటి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ ప్రారంభమైంది. ఆ సంస్థలో క్రయోజెనిక్ ఇంజనీరింగ్ కేంద్రం ఒకటి పనిచేస్తున్నది. గాలిని ద్రవంగా మార్చేటంతటి అతిశీతల స్థితులను గురించి బోధించడం, పరిశోధించడం దాని పని.

ఆవిరియంత్రాల కాలంలో రైల్వే కర్మాగారాల వారికి ఎదురైన సమస్య, బాయిలరులోని వేడిని బయటికి పోనీయకుండా కాపాడుకోవడం. అతిశీతల శాస్త్రజ్ఞుల సమస్య, బయటి వేడిని పాత్రలోనికి రానీయకుండా అడ్డుకోవడం. చూడబోతే రెండూ ఎదురు బొదురు పనులు. కాని రెండింటి వెనుకనున్న భౌతిక సూత్రం ఒక్కటే: ఉష్ణ ప్రసారాన్ని నిరోధించడం. ఈ రెండు పనులకూ పనికివచ్చే పదార్థాలలో విశిష్టమైనది పెర్లైటు. ఇది అగ్నిపర్వతం నుంచి పుట్టిన సహజమైన గాజు. 2021లో దేశం ఆమ్లజని కోసం అలమటించిన రోజులలో, ప్రజల దృష్టికి రాకపోయినా, ఈ తెల్లని నలుసుల విలువ ప్రాణాల విలువతో ముడిపడింది.

గాజుగా గడ్డకట్టిన లావా

అగ్నిపర్వతాల నుంచి వెలువడే లావా అంతా ఒకే తీరుగా ఉండదు. సిలికా తక్కువగా ఉన్న లావా పలుచగా, వేగంగా ప్రవహిస్తుంది. సిలికా హెచ్చుగా ఉన్న లావా మాత్రం ముద్ద పాకంలా చిక్కగా, జిగటగా ఉంటుంది. ఈ రెండవ రకానికి రయోలైటు అని పేరు. ఇది ఉన్నట్టుండి చల్లబడినప్పుడు అందులోని పరమాణువులు క్రమబద్ధంగా అమరి స్ఫటికాలుగా ఏర్పడే వ్యవధి దొరకదు. ఉన్నది ఉన్నట్టుగా గడ్డకట్టి గాజు అవుతుంది. అబ్సిడియన్ అనే నల్లని నిగనిగలాడే శిల ఇలా పుట్టినదే. ఆదిమానవుడు దానిని చెక్కి కత్తులుగా, బాణపు ములుకులుగా వాడుకున్నాడు.

ఇటువంటి గాజు నేలలో వేల, లక్షల సంవత్సరాలు పడి ఉన్నప్పుడు భూగర్భజలం దానిలోనికి మెల్లమెల్లగా చొరబడుతుంది. మొదట ఒక శాతం కూడా లేని నీటి పాలు 2 నుంచి 5 శాతం వరకు పెరుగుతుంది. నీరు ఇంకిన పొర ఉబ్బడంతో శిలలో ఉల్లిపొరల వంటి గుండ్రని బీటలు ఏర్పడతాయి. ఆ బీటల వెంబడి శిల విరిగినప్పుడు ముత్యాల వంటి గుళ్లు రాలుతాయి. ఫ్రెంచి భాషలో ముత్యానికి ఉన్న పేరునుంచే దీనికి పెర్లైటు అనే పేరు వచ్చింది. ఇందులో 70 నుంచి 75 శాతం సిలికా, 12 నుంచి 15 శాతం అల్యూమినా ఉంటాయి. తక్కినవి సోడియం, పొటాషియం మొదలైన వాటి ఆక్సైడులు, నీరు.

గాజు శాశ్వతమైన స్థితి కాదు. కోట్ల సంవత్సరాలు గడిచేకొద్దీ అది స్ఫటికాలుగా మారిపోతుంది. అందువల్ల పెర్లైటు భూగర్భ శాస్త్ర దృష్టితో వయస్సు తక్కువైన అగ్నిపర్వత ప్రాంతాలలోనే అధికంగా లభిస్తుంది. గ్రీసు దేశపు మిలోస్ ద్వీపం, టర్కీ, చైనా, అమెరికా, హంగరీ దీనికి ప్రసిద్ధి.

దక్కను పీఠభూమిని కప్పిన లావా ప్రవాహాలు సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల క్రిందటివి. అవి అధిక భాగం సిలికా తక్కువగా ఉన్న బసాల్టు శిలలు. ఆదిలాబాదు నల్లరేగడి నేలలకు మూలం ఈ శిలలే. వాటిలో పెర్లైటును వెదకి ప్రయోజనం లేదు. అయితే గుజరాత్‌లోని సౌరాష్ట్ర ప్రాంతంలో అక్కడక్కడ రయోలైటు కూడా వెలువడింది. రాజ్‌కోట్ జిల్లా పటన్‌వావ్ పరిసరాలలో పెర్లైటు ఉన్నట్లు గుర్తించారు. మన దేశపు ఖనిజ లెక్కలలో నమోదైన సుమారు 24 లక్షల టన్నుల పెర్లైటు వనరులన్నీ గుజరాత్‌కు చెందినవే.

తెలుగు నేలమీద పెర్లైటు లేకపోయినా, దానికి దాయాది అనదగిన సహజ గాజు ఒకటి ఉంది. సుమారు 74,000 సంవత్సరాల క్రిందట సుమత్రా ద్వీపంలోని టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు ఎగసిన బూడిద సముద్రాలు దాటివచ్చి భారతదేశంపై పడింది. కర్నూలు ప్రాంతంలో బనగానపల్లెకు సమీపంలోని జ్వాలాపురం వద్ద ఆ బూడిద మేటలు నేటికీ కనిపిస్తాయి. సూక్ష్మదర్శినిలో చూస్తే అది సన్నని గాజు పెంకుల కుప్ప. ఆ బూడిద క్రింద, పైన దొరికిన రాతి పనిముట్ల ఆధారంగా, అంతటి ఉత్పాతం తరువాత కూడా అక్కడ మానవ జీవనం కొనసాగిందని 2007లో పరిశోధకులు ప్రకటించారు. పాత్రలు తోమే పొడుల తయారీకోసం ఈ బూడిదను స్థానికంగా తవ్వి తీశారు. గాజు పెంకుల పదును మరకలను గీకివేయగలదు కనుక అది ఆ పనికి అనువైనది. అయితే ఈ బూడిద పెర్లైటు చేసే అసలు పనిని చేయలేదు. ఆ అసలు పని ఉబ్బడం.

మరమరాల కిటుకు

మేదినీపూర్ ప్రాంతపు ప్రజల నిత్యాహారంలో ముడికి పెద్ద స్థానముంది. బెంగాలీలు ముడి అనే ఈ పదార్థాన్నే తెలుగువారు మరమరాలనీ, బొరుగులనీ అంటారు. ఉప్పునీటి చెమ్మ తగిలించిన ఉప్పుడు బియ్యాన్ని బాగా కాగిన ఇసుకలో వేసి గబగబా కలియబెడితే, క్షణాలలో గింజ పొంగి తెల్లగా ఉబ్బుతుంది. గింజలోని కొద్దిపాటి చెమ్మ ఒక్కసారిగా ఆవిరి కావడం, అదే క్షణంలో గింజలోని పిండి పదార్థం మెత్తబడడం దీనికి కారణాలు. ఇసుక చాలినంత కాగకపోతే చెమ్మ మెల్లగా జారిపోయి గింజ మాడుతుందే గాని ఉబ్బదు.

పెర్లైటు ఉబ్బడంలో ఉన్న సూత్రమూ ఇదే. నలగగొట్టిన పెర్లైటు రవ్వను సుమారు 870 డిగ్రీల సెంటీగ్రేడు వేడికి అకస్మాత్తుగా గురిచేస్తే గాజు మెత్తబడుతుంది. సరిగ్గా అప్పుడే లోపల బంధితమై ఉన్న నీరు ఆవిరియై బయటికి నెడుతుంది. మెత్తని గాజులో అసంఖ్యాకమైన బుడగలు ఏర్పడి రవ్వ 4 నుంచి 20 రెట్ల వరకు ఉబ్బుతుంది. మంట నుంచి బయటపడగానే ఆ బుడగల గోడలు బిగుసుకొని గట్టిపడతాయి. బూడిద వన్నెలోనో, నలుపులోనో ఉన్న రాయి మంచువలె తెల్లనవుతుంది. ఆ తెలుపు రంగువల్ల వచ్చినది కాదు. లెక్కలేనన్ని బుడగ గోడలమీద వెలుతురు చెదరడంవల్ల వచ్చినది.

వేడి మెల్లగా ఎక్కితే గాజు మెత్తబడకముందే నీరు తప్పించుకుంటుంది. రాయి రాయిగానే మిగులుతుంది. నీరు మరీ ఎక్కువగా ఉంటే బుడగలు పగిలి రవ్వ దుమ్మైపోతుంది. అందువల్ల పెర్లైటు పరిశ్రమలో నైపుణ్యమంతా రవ్వ పరిమాణం, నీటి పాలు, మంట తీవ్రత అనే మూడింటి సమన్వయంలోనే ఉంది. పెర్లైటుకు గల ఈ గుణాన్ని పరిశ్రమకు మళ్లించడం 1930 దశకం చివరి భాగంలో అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో మొదలైంది. రెండవ ప్రపంచ యుద్ధానంతరం అది ఇతర దేశాలకు వ్యాపించింది.

గని నుంచి కొలిమి దాకా

పెర్లైటును సాధారణంగా ఉపరితల గనుల నుంచి తీస్తారు. శిల పెళుసుగా ఉన్నచోట యంత్రపు కొక్కేలతో పెళ్లగిస్తారు. గట్టిగా ఉన్నచోట మందుపాతరలు పేల్చుతారు. తరువాత దవడ యంత్రాలలో నలగగొట్టి, తిరుగుడు గొట్టాలలో ఆరబెట్టి, పైపై తడిని ఒక శాతంకన్న తక్కువకు దింపుతారు. ఇక్కడ పోవలసింది పైన అంటిన తడి మాత్రమే. లోపలి నీరు పోకూడదు. అదే ఈ ఖనిజానికి ప్రాణం. ఆ పిమ్మట జల్లెడలపై పట్టి పరిమాణాన్నిబట్టి తరగతులుగా వేరు చేస్తారు. సన్నరవ్వకు, ముతకరవ్వకు కావలసిన మంట వేరు వేరు కనుక ఈ వర్గీకరణ తప్పనిసరి.

ఉబ్బించే కొలిమి తరచుగా నిలువుగా నిలబెట్టిన ఉక్కు గొట్టం. దాని అడుగున నూనె లేదా వాయువు మంట మండుతుంది. మంటకు పైభాగాన రవ్వను జారవిడుస్తారు. పడుతున్న రవ్వ మంట తాకిడికి క్షణాలలో ఉబ్బుతుంది. ఉబ్బగానే తేలికై, పైకెగసే వేడి వాయువులతో కలిసి తనంతట తానే కొలిమి నుంచి బయటికి వెళ్లిపోతుంది. బరువైనది క్రిందికి, తేలికైనది పైకి అన్న ప్రకృతి సూత్రమే ఇక్కడ కూలివాని పని చేస్తుంది. పైకి వెళ్లిన నలుసులను సైక్లోను అనే సుడి యంత్రంలో వేరుచేసి సంచులకెత్తుతారు. మిగిలిన సన్నని ధూళిని గుడ్డ వడపోతలు పట్టుకుంటాయి. కొన్ని కర్మాగారాలలో రవ్వను ముందుగా కొంత వేడిచేసి, అవసరానికి మించిన నీటిని తొలగించిన తరువాతనే మంటకు పంపుతారు.

ఈ పరిశ్రమకు రవాణాతో ఒక చిత్రమైన సంబంధం ఉంది. నలగగొట్టిన పెర్లైటు ఘనమీటరుకు సుమారు ఒక టన్ను తూగుతుంది. ఉబ్బిన తరువాత అదే ఘనమీటరు 30 నుంచి 150 కిలోలు మాత్రమే తూగుతుంది. ఒక్క వాగనులో పట్టే ముడి ఖనిజం ఉబ్బిన తరువాత పది వాగన్లను నింపగలదన్నమాట. పెట్టెనిండా గాలిని మోయడానికి కిరాయి చెల్లించడం ఎవరికీ గిట్టుబాటు కాదు. అందుచేత ఖనిజాన్ని ముడిరూపంలోనే దూర ప్రాంతాలకు పంపి, వినియోగించే చోటికి దగ్గరలో ఉబ్బించడం ఆచారమైంది. పెద్ద శీతల ట్యాంకులను నింపవలసి వచ్చినప్పుడు కొలిమినే ట్యాంకు వద్దకు తరలించి, అక్కడికక్కడే ఉబ్బించి, చెమ్మ తగలకముందే గొట్టాల ద్వారా లోపలికి ఊదుతారు.

చలికి కాపలా

గాలిలో సుమారు 78 శాతం నత్రజని, 21 శాతం ఆమ్లజని ఉంటాయి. గాలిని వడగట్టి, అణచి, చల్లబరచి ద్రవంగా మార్చి, ఆ ద్రవాన్ని మరిగే ఉష్ణోగ్రతల తేడానుబట్టి వేరుచేస్తే ఈ వాయువులు విడివిడిగా లభిస్తాయి. ఆమ్లజని సున్నాకు దిగువన 183 డిగ్రీల వద్ద, నత్రజని 196 డిగ్రీల వద్ద మరుగుతాయి. ఉక్కు కర్మాగారాలలో ఇనుములోని కర్బనాన్ని దహించడానికి ఆమ్లజని టన్నుల కొలదిగా కావాలి కాబట్టి, అక్కడ గాలిని వేరుచేసే భారీ కేంద్రాలు ఉంటాయి.

ఈ కేంద్రాలలోని శీతల స్తంభాలనూ, గొట్టాలనూ ఒక ఎత్తైన ఉక్కు పెట్టెలో అమర్చుతారు. దానిని కోల్డ్ బాక్స్ అంటారు. ఆ పెట్టెలోని ఖాళీనంతా ఉబ్బించిన పెర్లైటుతో నింపుతారు. చదునైన అడుగు గల పెద్ద నిల్వ ట్యాంకులలో లోపలి గోడకూ, బయటి గోడకూ నడుమ ఉండేదీ సాధారణంగా ఇదే. బయట నలభై డిగ్రీల ఎండ, లోపల సున్నాకు దిగువన 183 డిగ్రీల చలి. ఈ రెండింటి మధ్య ఉన్న 220 డిగ్రీలకు పైబడిన తేడాను అడ్డుకొని నిలిచేది ఆ తెల్లని నలుసుల పొర.

వేడి మూడు మార్గాలలో ప్రయాణిస్తుంది: వహనం, సంవహనం, వికిరణం. పెర్లైటులో గాజు గోడలు అతి పలుచన; నలుసుకూ నలుసుకూ తాకిడి సూదిమొనంత. అందువల్ల వహనం స్వల్పం. లోపలి గాలి చిన్న చిన్న గదులలో బందీ అయి ఉంటుంది. అది కదలదు కనుక సంవహనం జరగదు. అసంఖ్యాకమైన గోడలు కిరణాలను చెదరగొట్టడంవల్ల వికిరణం కూడా తగ్గుతుంది. అన్నిటికన్న ముఖ్యమైన గుణం మరొకటి ఉంది: పెర్లైటు మండదు. ద్రవ ఆమ్లజని చెంత నూనె, తారు, ప్లాస్టిక్ నురగ వంటివి ఉండడం ప్రమాదకరం. అటువంటిచోట రాతి స్వభావం గల నిరోధకమే క్షేమకరం.

చిన్న ట్యాంకులలో, రవాణా ట్యాంకర్లలో మరొక మెట్టు ముందుకు వెళ్తారు. రెండు గోడల నడుమ పెర్లైటు నింపి, అక్కడి గాలిని పంపుతో తోడివేస్తారు. అప్పుడు ఉష్ణ ప్రసారం గాలితో నిండిన పెర్లైటులో జరిగే దానిలో ఇరవయ్యో వంతుకో, అంతకన్న తక్కువకో పడిపోతుంది. ఇంటిలోని థర్మాస్ ఫ్లాస్కులో కూడా శూన్యమే ఉంటుంది. కాని ఫ్లాస్కుకు అతి నిష్కర్షమైన శూన్యం కావాలి. పెర్లైటు ఉన్నచోట వాయు అణువులు ఒకదానినొకటి ఢీకొనకముందే నలుసుల గోడలకు తగిలి ఆగిపోతాయి. కనుక ఒక మోస్తరు శూన్యమే సరిపోతుంది. భారీ పరికరాలకు ఇది గొప్ప వెసులుబాటు.

2021 ఏప్రిల్ చెప్పిన పాఠం

2021 వేసవిలో కోవిడ్ వ్యాధి రెండవ ఉద్ధృతి దేశాన్ని కుదిపివేసినప్పుడు ఆసుపత్రులలో ఆమ్లజని కొరత ఏర్పడింది. దేశంలో ఆమ్లజని లేకపోలేదు. అది అధికంగా తయారయ్యేది తూర్పు ప్రాంతపు ఉక్కు కర్మాగారాలలో. అవసరమైనది వందల, వేల కిలోమీటర్ల దూరంలోని నగరాలలో. అసలు చిక్కు రవాణాలోనే వచ్చింది.

ద్రవరూపంలోని ఒక లీటరు ఆమ్లజని సాధారణ ఉష్ణోగ్రతలో సుమారు 860 లీటర్ల వాయువవుతుంది. కాబట్టి దూరప్రాంతాలకు దానిని ద్రవంగా తీసుకుపోవడమే యుక్తం. కాని దారి పొడుగునా చలిని నిలబెట్టగల ట్యాంకరు లేకపోతే ప్రాణవాయువు గాలిలో కలిసిపోతుంది. ఆ రోజులలో కొరతపడినవి ఇటువంటి ట్యాంకర్లే.

భారతీయ రైల్వేలు ఖాళీ ట్యాంకరు లారీలను చదును వాగన్లపైకి ఎక్కించి, మహారాష్ట్రలోని కలంబోలి నుంచి 2021 ఏప్రిల్ 19న విశాఖపట్నానికి పంపాయి. విశాఖ ఉక్కు కర్మాగారంలో వాటిని నింపి, ఏప్రిల్ 22న తొలి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్‌ను మహారాష్ట్రకు నడిపాయి. ఏడు ట్యాంకర్లలో 100 టన్నులకు పైగా ద్రవ ఆమ్లజనిని మోసుకొని ఆ రైలు నాగపూర్ మీదుగా ఏప్రిల్ 24న నాసిక్ చేరింది. పైన విద్యుత్ తీగలు, దారిలో వంతెనలు ఉండడంచేత ట్యాంకరు ఎత్తు 3,320 మిల్లీమీటర్లకు మించకుండా చూడవలసి వచ్చింది. అతిశీతల ద్రవం కావడంవల్ల వేగాన్ని పెంచడంలోనూ, తగ్గించడంలోనూ పరిమితులు పాటించారు. తరువాతి వారాలలో జంషెడ్‌పూర్, రూర్కెలా, అంగుల్, దుర్గాపూర్ వంటి ఉక్కు కేంద్రాల నుంచి కూడా ఇటువంటి రైళ్లు బయలుదేరాయి. జూన్ చివరినాటికి అవి చేరవేసిన ఆమ్లజని 35,000 టన్నులు దాటింది.

ఇటువంటి ట్యాంకర్లలో రెండు రకాలు వాడుకలో ఉన్నాయి. కొన్నింటి గోడల మధ్య శూన్యంలో పెర్లైటు ఉంటుంది. మరికొన్నింటిలో మెరిసే పలుచని రేకులను, గాజు కాగితాలను పొరలు పొరలుగా చుట్టి, గాలి తోడివేస్తారు. రెండవది మరింత సమర్థమైనదీ, తేలికైనదీ. కాని ఖర్చు ఎక్కువ, శూన్యం ఏమాత్రం చెడినా నష్టమూ ఎక్కువ. శూన్యం కొంత తగ్గినా పెర్లైటు ఎంతో కొంత రక్షణ ఇస్తూనే ఉంటుంది. అయితే పెర్లైటుకూ ఒక లోపముంది. లారీలో, రైలులో కుదుపులకు నలుసులు సర్దుకొని క్రిందికి దిగుతాయి. ట్యాంకరు పైభాగాన ఖాళీ ఏర్పడి వేడికి దారి ఇస్తుంది. దీనిని నివారించడానికి నింపే సమయంలోనే ట్యాంకును అదిలిస్తూ, కూరుతూ నింపుతారు. కుంచంతో ధాన్యం కొలిచేవారికి ఈ కిటుకు కొత్తది కాదు.

ఇతర ఉపయోగాలు

అతిశీతల పరికరాలతో పోలిస్తే ఇతర రంగాలలో పెర్లైటు వినియోగం ఇంకా విస్తృతం. ప్రపంచంలో దీనిని అత్యధికంగా వాడుకునేది గృహనిర్మాణ రంగం. జిప్సంతోగాని, సిమెంటుతోగాని కలిపి గోడలకు పూతగా, కప్పుకు పలకలుగా దీనిని వాడతారు. పెర్లైటు కలిపిన తేలిక కాంక్రీటులో వేడి సాధారణ కాంక్రీటులో కంటే చాలా నిదానంగా ప్రయాణిస్తుంది. వేసవిలో నలభై డిగ్రీలు దాటే పట్టణాలలో పైకప్పుపై ఇటువంటి పొర వేసి, దానిమీద నీరు చొరని పూత పూస్తే గదిలో ఉక్క తగ్గుతుంది. ఇది భారాన్ని మోసే కాంక్రీటు కాదు. దూలాలకూ, స్తంభాలకూ దీనిని వాడరాదు. తడిసిన పెర్లైటు నిరోధక గుణాన్ని కోల్పోతుంది కాబట్టి పైపూత విషయంలో అశ్రద్ధ పనికిరాదు.

ఉబ్బించిన పెర్లైటును మరపట్టి సన్నని పెంకులుగా చేస్తే వడపోతకు పనికివస్తుంది. ఆ పెంకులు అడ్డదిడ్డంగా ఒకదానిపై ఒకటి పేరుకొని, ద్రవాన్ని పోనిచ్చి మడ్డిని పట్టి ఉంచే జల్లెడగా ఏర్పడతాయి. వంటనూనెలు, పంచదార పాకం, పండ్లరసాలు, ఔషధ ద్రావణాలు ఈ విధంగా తేటపడతాయి. నర్సరీలలో నారు పెంచే కుండీల మట్టిలో కలిపితే వేళ్లకు గాలి ఆడుతుంది, నీరు నిలువ ఉండదు. కొలిమిలో కాచి తీసినది కనుక అందులో కలుపు విత్తనాలు, తెగులు క్రిములు ఉండవు. పోతపనిలో కరిగిన లోహంపై తేలే మడ్డిని గడ్డకట్టించి తీసివేయడానికీ, లోహపు వేడి పైకి పోకుండా కప్పడానికీ దీనిని చల్లుతారు.

జాగ్రత్తలు, ప్రత్యామ్నాయాలు

దూదివలె తేలికైనదని పెర్లైటును తేలికగా చూడరాదు. ఎత్తైన కోల్డ్ బాక్సులో నిండివున్న పెర్లైటు చిన్న ద్వారం తెరిచినా నీటివలె ప్రవహించి మనిషిని ముంచివేయగలదు. లోపల గొట్టం కారి ద్రవం పెర్లైటులో ఇంకి ఉన్నప్పుడు, అది ఒక్కసారిగా ఆవిరైతే పెట్టె పగిలి తెల్లని వెల్లువ బయటపడుతుంది. పెర్లైటుకు చెమ్మ తగలకుండా ఆ పెట్టెలోనికి పొడి నత్రజనిని నిరంతరం పంపుతారు. నత్రజనికి వాసన లేదు, రంగు లేదు. ఊపిరాడక మనిషి కూలిపోయేవరకు దాని ఉనికి తెలియదు. అందువల్ల గాలిని పరీక్షించకుండా, బయట కాపలా మనిషి లేకుండా ఎవరూ లోపల అడుగుపెట్టకూడదన్నది ఈ పరిశ్రమలో ఉల్లంఘించరాని నియమం. కొలిమి వద్ద, సంచులు నింపేచోట పనిచేసేవారు ధూళి లోపలికి పోకుండా ముక్కుకు తొడుగు ధరించాలి. ఒకప్పుడు బాయిలర్ల చుట్టూ చుట్టిన ఆస్బెస్టాస్ నారలు ఎందరి ఊపిరితిత్తులను పాడుచేసిందీ లోకానికి ఆలస్యంగా తెలిసింది. పెర్లైటు నార కాదు, ఆ తీరు ప్రమాదం దీనికి లేదు. అయినా ఏ ధూళీ ఊపిరికి మేలు చేయదు.

మన దేశంలో పెర్లైటు నిక్షేపాలు పరిమితం. ఉబ్బించడానికి ఇంధనం ఖర్చవుతుంది. కనుక ప్రతి పనికీ దీనినే వాడనక్కరలేదు. ఉక్కు కర్మాగారాలలో కరిగిన లోహంపై కప్పడానికి వరి ఊకను కాల్చిన బూడిద వాడుకలో ఉంది. దానిలో అధికభాగం సిలికాయే. ఆంధ్ర, తెలంగాణ, బెంగాల్ రాష్ట్రాల బియ్యపు మిల్లులు ఆ ఊకను సమృద్ధిగా ఇవ్వగలవు. బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రాల బూడిదలో నీటిపై తేలే బోలు గుళ్లు కొన్ని ఉంటాయి. అవి కూడా మంటలో పుట్టిన గాజు బుడగలే. తేలిక మిశ్రమాలలో పెర్లైటుకు బదులు కొంతవరకు ఉపకరిస్తాయి. తేలికపాటి అవసరాలకు ఇటువంటి వ్యర్థాలను వాడుకుని, ఆమ్లజని ట్యాంకుల వంటి కీలకమైన చోట్లకు పెర్లైటును వినియోగించడం వివేకవంతమైన మార్గం.

సౌరాష్ట్రంలో దొరికే రాయి, ఖరగ్‌పూర్ తరగతి గదిలో నేర్పే శాస్త్రం, విశాఖ తీరాన తయారయ్యే ద్రవ ఆమ్లజని, దేశమంతటా పరచుకున్న ఉక్కు పట్టాలు పైకి పొంతన లేనివిగా కనిపిస్తాయి. కాని నాసిక్‌లోని రోగి మంచం వద్దకు ఊపిరి చేరాలంటే ఖనిజం, శాస్త్రం, పరిశ్రమ, రవాణా ఒకే గొలుసుగా కలిసి రావాలి. ఆ గొలుసులో ట్యాంకరు గోడల నడుమ కూరిన నలుసుల పొర కూడా ఒక లంకె. దానిని సరిగా ఆరబెట్టి, సరిగా ఉబ్బించి, ఖాళీ లేకుండా నింపిన కార్మికుల శ్రద్ధ ఆ లంకెకు బలం.